చిగుళ్ళ వ్యాధి: ‘కారణం’ నుండి ‘ముప్పు కారకం’ వరకు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

మధుమేహం వంటి ఇతర వ్యాధులేవీ లేని వయోజనులలో కొందరికి చిగుళ్ళ వ్యాధి ముదిరి దంతాలు ఊడిపోతాయి. అదే వయసులో, దాదాపు అదే నోటి స్థితిలో ఉన్న మరికొందరికి అంతటి నష్టం కలగదు. ఈ తేడాకు వైద్యశాస్త్రం వేర్వేరు కాలాల్లో వేర్వేరు సమాధానాలు చెప్పింది. 19వ శతాబ్దిలో గార, 20వ శతాబ్ది తొలినాళ్ళలో సూక్ష్మజీవి, 1960ల్లో పాచి ఏకైక కారణ స్థానాన్ని ఆక్రమించాయి. 1980ల తరువాత పలు ముప్పు కారకాల కలయిక అనే భావన స్థిరపడింది. ఈ మార్పులో శ్రీలంక తేయాకు తోటల కార్మికులపై జరిగిన అధ్యయనం, పొగాకుపై జరిగిన పరిశోధనలు నిర్వహించిన పాత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘అపరిశుభ్రత’ అనే ఒక్క వివరణ ఇతర కారకాలను ఎంతకాలం కప్పి ఉంచిందో నిరూపించడం వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: చిగుళ్ళ వ్యాధి, పయోరియా, పాచి, గార, ముప్పు కారకం, పొగాకు, తేయాకు కార్మికులు, వైద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం:

చిగుళ్ళ వ్యాధికి రెండు దశలున్నాయి. చిగుళ్ళు ఎర్రబడి, ఉబ్బి, తోముకునేటప్పుడు రక్తం కారడం మొదటి దశ. దీనిని వైద్యులు జింజివైటిస్ అంటారు. శుభ్రం చేస్తే ఇది పూర్తిగా తగ్గిపోతుంది. దంతాన్ని దవడకు పట్టి ఉంచే తంతువులు, ఎముక క్రమంగా కరిగిపోవడం రెండవ దశ. ఇది పెరియోడాంటైటిస్. జనవ్యవహారంలో పయోరియాగా ప్రసిద్ధం. ఈ దశలో పోయిన ఎముక సాధారణంగా తిరిగి రాదు. మొదటి దశ దాదాపు అందరిలోనూ కనిపించగా, రెండవ దశ తీవ్రరూపం దాల్చేది కొందరిలోనే. ఆ కొందరు ఎవరు, ఎందుకు అన్నదే ముప్పు కారకాల చరిత్రకు మూలప్రశ్న.

‘కారణం’, ‘ముప్పు కారకం’ ఒకటి కావు. కారణం అనే భావన ఒక వ్యాధికి ఒక మూలాన్ని వెతుకుతుంది. ముప్పు కారకం ఒక జనసమూహంలో వ్యాధి కలిగే అవకాశాన్ని పెంచే అంశం. అది ఉన్న ప్రతివారికీ వ్యాధి రాకపోవచ్చు, లేనివారికీ రావచ్చు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948లో మొదలైన గుండెజబ్బుల అధ్యయనం 1961లో వెలువరించిన పత్రంతో ఈ పరిభాష వైద్యరంగంలో వ్యాపించింది. దంతవైద్యం దీనిని పూర్తిగా స్వీకరించడానికి మరో రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. ఆ ఆలస్యానికి గల హేతువులు పరిశీలించదగినవి.

2. ఏకైక కారణం కోసం అన్వేషణ:

సుశ్రుతసంహిత నిదానస్థానం ముఖరోగాలను వివరిస్తూ దంతమూలాలకు చెందిన వ్యాధులను 15గా లెక్కించింది. శీతాదం, దంతవేష్టకం, ఉపకుశం మొదలైనవి వాటిలో ఉన్నాయి. గారను సూచించే దంతశర్కరను మాత్రం ఈ వర్గంలో కాక, దంతరోగాల వర్గంలో చేర్చింది. అంటే పంటికి పట్టే గట్టి పదార్థాన్నీ, చిగురుకు కలిగే రోగాన్నీ ఆ వర్గీకరణ విడివిడిగా చూసింది. చిగుళ్ళ రోగాలకు ప్రధానంగా రక్త, కఫాది దోషాలను కారణాలుగా చెప్పింది. దీని ప్రకారం చిగుళ్ళ వ్యాధి నోటికే పరిమితమైన సంగతి కాదు, దేహప్రకృతికి చెందిన విషయం.

ఐరోపాలో నావికులను పీడించిన స్కర్వీ వ్యాధి కూడా చిగుళ్ళను దేహస్థితికి సూచికగా చూపింది. 1747లో జేమ్స్ లిండ్ ‘సాలిస్‌బరీ’ నౌకలో 12 మంది రోగులపై చేసిన ప్రయోగంలో నారింజ, నిమ్మజాతి పండ్లు తిన్నవారు త్వరగా కోలుకున్నారు. ఇక్కడ చిగుళ్ళ పతనానికి మూలం ఆహారలోపం.

19వ శతాబ్ది ద్వితీయార్ధంలో దృష్టి దేహం నుండి పంటి ఉపరితలానికి మారింది. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌కు చెందిన దంతవైద్యుడు జాన్ రిగ్స్ చిగుళ్ళ క్షయానికి పంటిపై పేరుకున్న గారే మూలమని వాదించాడు. దానిని పూర్తిగా గీకి తొలగించడమే చికిత్స అన్నాడు. ఆయన 1876లో ప్రచురించిన వ్యాసం తరువాత ఈ వ్యాధి కొంతకాలం ‘రిగ్స్ వ్యాధి’గానే వ్యవహారంలో ఉంది. బెర్లిన్‌లో పనిచేసిన విలోబీ మిల్లర్ 1890లో నోటి సూక్ష్మజీవులపై గ్రంథం వెలువరించడంతో గార స్థానంలోకి సూక్ష్మజీవి వచ్చింది. 1914-15 ప్రాంతంలో నోటిలోని ఒక అమీబానే పయోరియాకు మూలమని అమెరికాలో కొందరు ప్రకటించారు. ఎమెటిన్ మందుతో చికిత్సలు కూడా సాగాయి. న్యూఆర్లియన్స్‌కు చెందిన చార్లెస్ బాస్ ఈ వాదానికి ప్రముఖ సమర్థకుడు. ఆ వాదం నిలవలేదు. అదే బాస్ తరువాతి దశాబ్దాలలో, చిగురు అంచున బ్రష్షును ఏటవాలుగా ఉంచి తోమే పద్ధతికి ప్రచారకుడయ్యాడు. దంతవైద్యులు నేటికీ బోధించే ఆ పద్ధతి ఆయన పేరుతోనే ఉంది.

ఇదే కాలంలో బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్ సంబంధాన్ని తలకిందులు చేశాడు. 1900లో ప్రచురించిన వ్యాసంలోనూ, 1910లో మాంట్రియల్‌లో చేసిన ప్రసంగంలోనూ నోటిలోని చీము శరీరమంతటి రోగాలకు మూలమని ఆయన వాదించాడు. దాని ఫలితంగా అనేక వ్యాధులకు చికిత్స పేరిట దంతాలను మూకుమ్మడిగా పెరికివేసే ధోరణి కొన్ని దశాబ్దాలపాటు సాగింది. సిద్ధాంతంలోని తొందరపాటుకు మూల్యాన్ని రోగులు తమ పళ్ళతో చెల్లించారు.

ఈ వాదాలన్నిటి ఉమ్మడి లక్షణం ఒకటే. ప్రతి వాదమూ ఒక్క దోషిని వెతికింది. ఆ దోషి ఉన్నప్పటికీ వ్యాధి ముదరని మనిషి ఎవరి దృష్టిలోనూ పడలేదు.

3. యువ సైనికులు, తొలి గణాంకాలు:

మొదటి ప్రపంచయుద్ధంలో కందకాలలో ఉన్న సైనికులకు చిగుళ్ళు పుండ్లుపడి, కుళ్ళి, తీవ్రమైన నొప్పి కలిగే వ్యాధి వ్యాపించింది. దీనికి ‘కందకాల నోరు’ అనే అర్థమిచ్చే ఆంగ్ల నామం స్థిరపడింది. ఫ్రెంచి వైద్యుడు విన్సెంట్ 1896లోనే ఇటువంటి పుండ్లలోని సూక్ష్మజీవులను వర్ణించి ఉండడంతో దీనిని అంటువ్యాధిగా భావించారు. అయితే బాధితులు యువకులు, ఆరోగ్య పరీక్షల్లో నెగ్గి సైన్యంలో చేరినవారు. ఒకే కందకంలో ఒకే నీరు తాగినవారిలో కొందరికే ఇది ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు అంటువాదం సమాధానం చెప్పలేదు.

ఈ ప్రశ్నను గణాంకాల మార్గంలో పరిశీలించినవాడు డెన్మార్క్‌కు చెందిన యెన్స్ పింద్‌బోర్గ్. పొగాకుకూ పుండ్లతో కూడిన చిగుళ్ళవాపుకూ, గార ఏర్పడటానికీ గల సంబంధంపై ఆయన 1947లోనూ, 1949లోనూ పత్రాలు ప్రచురించాడు. పొగతాగే యువకులలో ఈ వ్యాధి ఎక్కువగా ఉందని అవి చూపాయి. సూక్ష్మజీవి నుండి జీవనాభ్యాసం వైపు దృష్టి మళ్ళించిన తొలి ప్రయత్నాలలో ఇవి ముఖ్యమైనవి. కానీ పింద్‌బోర్గ్ పత్రాలలోనే ఒక చిక్కు దాగి ఉంది. పొగతాగేవారిలో గార కూడా ఎక్కువ. అటువంటప్పుడు చిగుళ్ళను దెబ్బతీసింది పొగా, గారా? ఈ చిక్కు తరువాతి మూడు దశాబ్దాల చర్చను శాసించింది.

4. పాచి సిద్ధాంత ప్రాబల్యం:

1950లలో చిగుళ్ళ వ్యాధిని అంకెల్లో కొలిచే సూచికలు రూపొందాయి. అమెరికాకు చెందిన రస్సెల్ 1956లో, రామ్‌ఫియోర్డ్ 1959లో తమ సూచికలను ప్రతిపాదించారు. ఈ కొలమానాలను పరీక్షించిన క్షేత్రాలలో భారతదేశం ఒకటి. రామ్‌ఫియోర్డ్ బొంబాయి బాలురను పరీక్షించాడు. జాన్ గ్రీన్ భారతీయ బాలురను అట్లాంటా నగర బాలురతో పోల్చి 1960లో నివేదిక ప్రచురించాడు. అదే సంవత్సరం గ్రీన్, వెర్మిలియన్ కలిసి నోటి పరిశుభ్రతను కొలిచే సూచికను ప్రకటించారు. వయసు, పరిశుభ్రత అనే రెండు అంశాలతోనే జనసమూహాల మధ్య తేడాలను చాలావరకు వివరించవచ్చునన్న అభిప్రాయం బలపడింది.

ఈ అభిప్రాయానికి ప్రయోగ నిరూపణ 1965లో లభించింది. డెన్మార్క్‌లోని ఆర్హుస్ దంతవైద్య కళాశాలలో హారాల్డ్ లో, ఎల్సె థైలాడె, బోర్గ్లుం యెన్సెన్ కలిసి ఆరోగ్యకరమైన చిగుళ్ళున్న 12 మందిని పళ్ళు తోముకోవడం మానేయమన్నారు. వారిలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులు. 10 నుండి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళవాపు వచ్చింది. తిరిగి తోమడం మొదలుపెట్టాక తగ్గిపోయింది. పంటిపై పేరుకునే మెత్తని సూక్ష్మజీవుల పొర, అంటే పాచి, చిగుళ్ళవాపుకు కారణమని ఇంత స్పష్టంగా చూపిన ప్రయోగం అంతకుముందు లేదు.

ఈ ప్రయోగం నిరూపించింది మొదటి దశను మాత్రమే. పాచి ఉంటే వాపు వస్తుందని అది చూపింది. వాపు వచ్చిన ప్రతివారికీ ఎముక కరుగుతుందని చూపలేదు, మూడు వారాల్లో చూపడం సాధ్యమూ కాదు. అయినప్పటికీ బోధనలోనూ ప్రజారోగ్య ప్రచారంలోనూ రెండు దశలూ ఒకే గొలుసుగా మారిపోయాయి. పాచి నుండి వాపు, వాపు నుండి ఎముక క్షయం, దాని నుండి దంతనష్టం అనే క్రమం అనివార్యమైనదిగా స్థిరపడింది. దంతాలు కోల్పోయిన మనిషి శుభ్రత పాటించని మనిషి అనే నైతిక తీర్పు ఈ గొలుసులో అంతర్లీనమైంది.

పొగాకు కూడా ఈ చట్రంలోకే ఇమిడిపోయింది. 1971లో ఆబ్రే షీహామ్ పొగతాగేవారి నోటి పరిశుభ్రతపై ప్రచురించిన పత్రం వారిలో వ్యాధి ఎక్కువగా ఉండటాన్ని ప్రధానంగా అపరిశుభ్రతతోనే వివరించింది. పింద్‌బోర్గ్ లేవనెత్తిన చిక్కుకు సమాధానం దొరికినట్లే కనిపించింది. పొగ నేరస్థురాలు కాదు, గారే నేరస్థురాలు.

5. తేయాకు తోటల అధ్యయనం:

పాచి సిద్ధాంతానికి ప్రయోగాధారం అందించిన హారాల్డ్ లో బృందమే దాని పరిమితినీ వెల్లడించింది. చిగుళ్ళ వ్యాధి సహజగతిని తెలుసుకోవడానికి ఆ బృందం రెండు భిన్న సమూహాలను ఎంచుకుంది. మొదటిది 1969లో ఎంపిక చేసిన నార్వేలోని ఓస్లో విద్యావంతుల సమూహం. దంతసంరక్షణ వారికి బాల్యం నుండి అందుబాటులో ఉంది. రెండవది 1970లో ఎంపిక చేసిన శ్రీలంక తేయాకు తోటల పురుష కార్మికుల సమూహం. వీరు 480 మంది, తమిళులు. వీరికి దంతచికిత్స గాని, బ్రష్షుతో పళ్ళు తోమే అలవాటు గాని లేదు. శారీరకంగా ఆరోగ్యంగా ఉన్నారు. పుచ్చుపళ్ళు దాదాపు లేవు. కాబట్టి ఊడిన ప్రతి పన్నూ చిగుళ్ళ వ్యాధి వల్లనే ఊడిందని భావించవచ్చు. పరిశోధన దృష్టితో ఇది అరుదైన పరిస్థితి.

1985 వరకు సాగిన పరిశీలనల ఫలితాలు 1986లో వెలువడ్డాయి. కార్మికులందరి పళ్ళపైనా పాచి, గార విస్తారంగా ఉన్నాయి. దాదాపు అందరి చిగుళ్ళూ వాచి ఉన్నాయి. పాచి సిద్ధాంతాన్ని అక్షరాలా అనుసరిస్తే అందరికీ ఒకే తీవ్రతతో దంతనష్టం కలగాలి. కానీ మూడు వర్గాలు బయటపడ్డాయి. సుమారు 8 శాతం మందిలో వ్యాధి వేగంగా ముదిరింది. సుమారు 81 శాతం మందిలో మధ్యస్థంగా సాగింది. సుమారు 11 శాతం మందిలో వాపును దాటి ముందుకు పోలేదు. 35 ఏళ్ళ వయసుకు పంటికీ చిగురుకూ మధ్య పట్టు సడలిన కొలత మొదటి వర్గంలో సగటున 9 మిల్లీమీటర్లు, రెండవ వర్గంలో 4 మిల్లీమీటర్లు కాగా, మూడవ వర్గంలో 1 మిల్లీమీటరుకన్నా తక్కువ.

ఈ 11 శాతం చరిత్రగతిని మార్చింది. పళ్ళు తోమకపోయినా, గార పేరుకున్నా, చిగుళ్ళు వాచినా దంతాలు నిలిచినవారు ఉన్నారు. పాచి అవసరమైన నిమిత్తమే గాని సరిపోయే కారణం కాదని ఈ అధ్యయనం తరువాత అంగీకరించక తప్పలేదు. అటు తరువాత పరిశోధన ‘వ్యాధికి కారణమేది’ అనే ప్రశ్న నుండి ‘ఎవరికి ముప్పు ఎక్కువ’ అనే ప్రశ్నకు మళ్ళింది.

అయితే ఈ ఫలితాన్ని తప్పుగా చదివే ప్రమాదమూ ఉంది. బ్రిటిష్ సాంక్రమిక వ్యాధి శాస్త్రవేత్త జెఫ్రీ రోజ్ 1985లో ఒక కీలకమైన వాదం చేశాడు. ఒక సమాజంలో అందరూ సమానంగా సిగరెట్లు తాగితే, ఊపిరితిత్తుల కాన్సర్ అక్కడ వంశపారంపర్య వ్యాధిగానే కనిపిస్తుందన్నది దాని సారం. అందరిలో సమానంగా ఉన్న కారకం వ్యక్తుల మధ్య తేడాను వివరించలేదు గనుక అది కంటికి కనిపించదు. తేయాకు తోటల్లో పాచి స్థితి ఇదే. అది అందరికీ ఉంది గనుక ఎవరికి ఎక్కువ నష్టమో చెప్పలేకపోయింది. అంతమాత్రాన అది నిరపాయకరమని అర్థం కాదు. 89 శాతం మందిలో వ్యాధి రెండవ దశకు చేరిందన్న వాస్తవం 11 శాతం వెనుక మరుగున పడకూడదు.

ఈ నిర్ధారణకు తరువాతి పరిశీలన బలం చేకూర్చింది. తొలి 480 మందిలో 75 మందిని 2010లో తిరిగి పరీక్షించారు. 40 ఏళ్ళ గతిని వివరిస్తూ 2017లో వెలువడిన పత్రం వ్యాధి మొదలవడంతో పొగతాగడం, గార ముడిపడి ఉన్నాయనీ, అది ముదరడంతో గార, పాచి, చిగుళ్ళవాపు ముడిపడి ఉన్నాయనీ తెలిపింది.

ఈ జ్ఞానం ఎవరి నోళ్ళనుండి వచ్చిందన్నది వైద్యచరిత్ర విస్మరించరాని అంశం. వీరి పూర్వికులను బ్రిటిష్ వలసపాలన కాలంలో దక్షిణ భారతం నుండి తోటపనికి తరలించారు. 1948 నాటి సిలోన్ పౌరసత్వ చట్టం ఈ సముదాయంలో అత్యధికులను పౌరసత్వానికి దూరం చేసింది. 1964 నాటి సిరిమావో–శాస్త్రి ఒప్పందం ప్రకారం వారిలో పెద్దసంఖ్యను భారత్‌కు పంపే ఏర్పాటు జరిగింది. అధ్యయనం సాగిన సంవత్సరాలు ఆ ఒప్పందం అమలు కాలంలోనివే. పరిశోధకులు వ్యాధిని కలిగించలేదు, ఉన్న స్థితిని నమోదు చేశారు. కానీ ‘వ్యాధి సహజగతి’గా నమోదైనది నిజానికి చికిత్స అందని సామాజిక స్థితి గతి కూడా. 15 ఏళ్ళపాటు నివారణ, చికిత్సా కార్యక్రమమేదీ ఆ తోటలకు చేరకపోవడమే అధ్యయనానికి విలువ తెచ్చింది. ఇక్కడ ‘సహజం’ అన్న పదం చరిత్ర చేసిన అసమానతను ప్రకృతిగా చూపుతుంది.

6. పొగాకు: చిగురు దాచిన రహస్యం:

పొగాకు ముప్పు చాలాకాలం గుర్తింపు పొందకపోవడానికి అపరిశుభ్రత వాదంతోపాటు మరొక హేతువుంది. చిగుళ్ళ వ్యాధికి వైద్యులూ రోగులూ నమ్మిన ప్రధాన చిహ్నం రక్తస్రావం. 1980లలో స్వీడన్‌కు చెందిన యాన్ బెర్గ్‌స్ట్రోమ్, హన్స్ ప్రేబెర్ చేసిన పరిశోధనలు పొగతాగేవారి చిగుళ్ళు అంతే పాచి ఉన్నా తక్కువగా రక్తమోడుతాయని చూపాయి. లోపల ఎముక కరుగుతున్నా పైకి చిగురు పొడిగా, గట్టిగా కనిపిస్తుంది. రోగి తన నోరు ఆరోగ్యంగా ఉందని నమ్ముతాడు. పన్ను కదిలేవరకు వైద్యుని వద్దకు వెళ్ళడు. వ్యాధిని కలిగించే కారకమే వ్యాధి లక్షణాన్నీ మరుగుపరిచింది.

పాచి పరిమాణాన్ని గణాంక పద్ధతిలో సరిచూసిన తరువాత కూడా పొగాకు ప్రభావం మిగిలే ఉందని 1990ల అధ్యయనాలు ధ్రువీకరించాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే గణాంకాలను విశ్లేషించి తోమర్, అస్మా 2000లో ప్రచురించిన పత్రం ప్రకారం, ఎన్నడూ పొగతాగనివారితో పోలిస్తే ప్రస్తుతం పొగతాగేవారిలో పెరియోడాంటైటిస్ అవకాశం సుమారు 4 రెట్లు. దేశంలోని కేసులలో 41.9 శాతం ప్రస్తుత ధూమపానానికి, 10.9 శాతం గత ధూమపానానికి ఆపాదించదగినవని వారు లెక్కకట్టారు. అమెరికా సర్జన్ జనరల్ నివేదిక ఊపిరితిత్తుల కాన్సర్‌కు పొగాకు కారణమని 1964లోనే ప్రకటించింది. పెరియోడాంటైటిస్ విషయంలో కారణసంబంధం చెప్పడానికి ఆధారాలు చాలినంత ఉన్నాయని అదే పరంపరలోని నివేదిక ప్రకటించింది 2004లో. ఈ రెండింటి మధ్య 40 ఏళ్ళ అంతరం ఉంది.

పింద్‌బోర్గ్ పరిశోధనా జీవితం ఈ సందర్భంలో తెలుగునేలతో ముడిపడింది. బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఫలీ మెహతా బృందంతో కలిసి ఆయన శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించిన సర్వే 1971లో వెలువడింది. చుట్టను వెలుగుతున్న కొస నోటిలోపల ఉండేలా తాగే ‘అడ్డపొగ’ అలవాటు, దానివల్ల అంగిలికి కలిగే మార్పులు దాని విషయం. ఉత్తరాంధ్ర తీరగ్రామాలలో ఈ అలవాటు స్త్రీలలో అధికం. షీహామ్ పత్రం వెలువడినదీ ఆ సంవత్సరమే. ఒకే ఏడాది ఒకచోట పొగాకు నోటి కాన్సర్‌కు దారితీసే హేతువుగా గ్రామగ్రామాన నమోదవుతుండగా, మరొకచోట చిగుళ్ళ విషయంలో అపరిశుభ్రత చాటున ఉండిపోయింది. నోటిలోని రెండు భాగాలను రెండు వేర్వేరు శాస్త్రశాఖలు చూడటం వల్ల కలిగిన ఎడబాటు ఇది.

షీహామ్ కూడా తన తొలి స్థానం వద్ద ఆగిపోలేదు. 2000లో రిచర్డ్ వాట్‌తో కలిసి ఆయన ఉమ్మడి ముప్పు కారకాల దృక్పథాన్ని ప్రతిపాదించాడు. పొగాకు, ఆహారం, ఒత్తిడి వంటివి నోటి వ్యాధులకూ ఇతర దీర్ఘవ్యాధులకూ ఉమ్మడి మూలాలనీ, వాటి వెనుక సామాజిక పరిస్థితులున్నాయనీ ఆ దృక్పథం చెబుతుంది.

7. జన్యువులు, ఒత్తిడి, నేటి వర్గీకరణ:

ఒకే స్థితిలో ఉన్నవారి మధ్య తేడాకు వంశపారంపర్యం ఒక సమాధానంగా ముందుకు వచ్చింది. మైకలోవిచ్ బృందం 117 జతల వయోజన కవలలను పరీక్షించి 2000లో ప్రచురించిన ఫలితాల ప్రకారం పెరియోడాంటైటిస్‌లోని వైవిధ్యంలో సుమారు సగం జన్యుపరమైనది. చిగుళ్ళవాపులో మాత్రం అటువంటి వంశపారంపర్యత కనిపించలేదు. ఆర్హుస్ ప్రయోగంలో అందరికీ వాపు రావడం, తేయాకు తోటల్లో ఎముక క్షయం అందరికీ సమానంగా కలగకపోవడం ఈ ఫలితంతో పొందిక కలిగి ఉన్నాయి. అమెరికాలోని ఈరీ కౌంటీ అధ్యయనాలు వయసు, పొగాకు, మధుమేహం, కొన్ని ప్రత్యేక సూక్ష్మజీవులతోపాటు ఆర్థిక ఒత్తిడిని కూడా ఈ వ్యాధితో ముడిపడిన అంశంగా గుర్తించాయి.

2017 నాటి అంతర్జాతీయ సదస్సు రూపొందించి 2018లో ప్రకటించిన వర్గీకరణ ఈ మార్పును అధికారికం చేసింది. వ్యాధి ఎంత నష్టం చేసిందో చెప్పే దశతోపాటు, ఎంత వేగంగా ముదరవచ్చో చెప్పే శ్రేణిని కూడా అది నిర్ణయించమంటుంది. మధుమేహంతోపాటు రోజుకు 10 సిగరెట్లనే హద్దు ఆ శ్రేణిని మారుస్తుంది. పింద్‌బోర్గ్ తొలి పత్రానికి 70 ఏళ్ళ తరువాత పొగాకు వ్యాధినిర్ణయంలోనే భాగమైంది.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. చిగుళ్ళ వ్యాధి విషయంలో ముప్పు కారకం అనే భావన కొత్త క్రిమినో, కొత్త పరికరాన్నో కనుగొనడం వల్ల రాలేదు. అంగీకృత కారణం ఉన్నప్పటికీ వ్యాధి ముదరని మనుషులను లెక్కించడం వల్ల వచ్చింది.

2. బాస్, లో, షీహామ్ వంటివారి తరువాతి కృషే వారి తొలి నిర్ధారణల పరిధిని సవరించింది. పాత సిద్ధాంతాన్ని బయటివారు కూలదోసిన చరిత్రకన్నా, లోపలివారే సరిదిద్దుకున్న చరిత్ర ఇది.

3. అపరిశుభ్రత అనే వివరణ పూర్తిగా అబద్ధం కాదు. 2017 నాటి ఫలితాలు పాచి, గారల పాత్రను మళ్ళీ ధ్రువీకరించాయి. కానీ ఏకైక వివరణగా నిలిచినంతకాలం అది పొగాకును కప్పిపుచ్చింది, రోగిపై నింద మోపింది.

4. పొగతాగేవారిలో రక్తస్రావం తగ్గడం వల్ల ‘రక్తం కారడం లేదు గనుక వ్యాధి లేదు’ అనే జనసామాన్య విశ్వాసం ప్రమాదకరమైనదని తేలుతుంది. చుట్ట, బీడీ అలవాటున్న సమాజాలకు ఈ అంశం ప్రత్యేకంగా వర్తిస్తుంది.

5. ‘ఇతరత్రా ఆరోగ్యవంతుడు’ అనే వైద్యపరిభాష వ్యక్తి దేహాన్ని మాత్రమే చూస్తుంది. తేయాకు తోటల కార్మికులు ఆ నిర్వచనం ప్రకారం ఆరోగ్యవంతులే. చికిత్స అందుబాటులో లేకపోవడం వారి దేహలక్షణం కాదు గనుక ఏ సూచికలోనూ నమోదు కాలేదు. చిగుళ్ళ వ్యాధి ముప్పును చర్చించే ఏ అధ్యయనమైనా ఆ నమోదుకాని అంశాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.